టెంకాయ దెబ్బ

ఈ శ్రీరామనవమికి మైదుకూరు దగ్గర మా ఊర్లో చెక్కభజన జరిగింది. తమ్ముడు మిద్దెమీద నుంచి ఫోన్‌తో వీడియో తీశాడు. భజన గురువు మా నాయన. ఆయన గొంతు స్పష్టంగా రావాలని నేను పోయినసారి ఇచ్చివచ్చిన చిన్న రికార్డర్‌ను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వీడియో ఒక ఫైలు, పాట ఒక ఫైలు. రెండూ నాకు కువైట్‌కు పంపించారు.

ఇక్కడ నా కూడు వీడియోకు సౌండ్ అతికించే పనిమీదే. 2016లో ఒక స్టూడియోలో లైట్లు మోయడానికి వచ్చాను. ఎడిటింగ్ నేర్పింది తోటి పనివాడు, ఒక కేరళ అన్న. నేర్చుకున్న కొత్తలో రెండు గంటల ఫంక్షన్ ఒకటి నాకు అప్పజెప్పారు. మొదట్లో పెదాలూ మాటా చక్కగా కలిశాయి. చివరికి వచ్చేసరికి మాట ఎనిమిది ఫ్రేములు వెనకబడింది. ఫ్రేమంటే వీడియోలో ఒక్క బొమ్మ. సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. ఎనిమిదంటే దాదాపు సెకనులో మూడో వంతు. ముదీర్, అంటే మేనేజర్, అందరి ముందూ అరిచాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

కేరళ అన్న పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. కెమెరా లోపల ఒక గడియారం ఉంటుంది, రికార్డర్ లోపల ఇంకోటి. రెండూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. పది నిమిషాలకు ఆ తేడా కనపడదు, గంటలు గడిచేకొద్దీ పేరుకుంటుంది. అందుకే మొదలులో ఒకసారి, ముగింపులో ఒకసారి చప్పట్లు కొట్టించాలి. రెండుచోట్లా తేడా ఎంతుందో కొలిచి, సౌండును ఆ కొంచెం సాగదీయాలి, లేదా కుదించాలి. ఆ ఒక్క మాట నా ఉద్యోగం నిలబెట్టింది.

ఊరి వీడియో శుక్రవారం సెలవు రోజు ముందేసుకున్నాను. వెలుతురు తగ్గితే ఫోన్ ఫ్రేములు తగ్గించేస్తుంది, వేగం ఒకే తీరుగా ఉండదు. ముందు దాన్ని సెకనుకు 30 ఫ్రేములకు స్థిరంగా మార్చుకుని, కలిపే పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేశాను. అది రెండు సౌండ్ల ఆకారాలను పోల్చి అతికిస్తుంది. చెక్కలు దెబ్బకు దెబ్బ కలిశాయి. సంతోషంగా పంపించాను.

మరుసటి రోజు రాత్రి ఏడింటికి ఫోన్ వచ్చింది. అక్కడ తొమ్మిదిన్నర, నాయన నిద్రపోయే వేళ.

"అబ్బీ, చరణం ఎత్తుకునే ముందు నేను చెయ్యి లేపుతా గదా. నా చెయ్యి లేవకముందే పాట వచ్చేసింది చూడు."

చూశాను. నిజమే. చెక్కభజనలో ప్రతి దెబ్బా ఒకే ఆకారం, సాఫ్ట్‌వేర్ ఒక దెబ్బ పక్కకు అతికించింది. నేను చెక్కలనే చూశాను, పాడే మనిషిని చూడలేదు. వయసు మీదపడినా ఆయన కన్ను నాకంటే నిక్కచ్చి.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. భజనలో లేని శబ్దం కావాలి. మొదలుపెట్టే ముందు నాయన పక్కనే గుడి మెట్టుమీద టెంకాయ కొట్టారు. అంతకంటే మంచి చప్పట్లు ఏముంటాయి? చివరికి హారతి గంట మొదటి దెబ్బ పట్టుకున్నాను.

టెంకాయ పగిలిన ఫ్రేము దగ్గర ఇంకోటి బయటపడింది. ఫోన్‌లోని శబ్దం, బొమ్మకంటే రెండు ఫ్రేములు ఆలస్యం. మిద్దెకూ గుడికీ 25 మీటర్లు ఉంటుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, అంత దూరానికి 70 మిల్లీసెకన్లు దాటుతాయి. రికార్డర్ పాటను రెండు ఫ్రేములు ముందుకు జరిపితే లెక్క సరిపోతుంది. జరిపి చూశాను, నచ్చలేదు. శబ్దం కొంచెం ఆలస్యమైతే మనిషి ఓర్చుకుంటాడు, ముందొస్తే వెంటనే పట్టేస్తాడు. ఉరుము మెరుపు తర్వాతే కదా వినపడేది. చిన్నప్పుడు ఆ మిద్దెమీదే జేజి ఒళ్లో కూర్చుని నేను చూసింది కూడా అట్లాగే, చెక్క పడినాక శబ్దం. ఆ రెండు ఫ్రేములూ వదిలేశాను.

తర్వాతి శుక్రవారం పంపించాను. నాయన మొత్తం చూసి ఫోన్ చేశాడు.

"తాళం కుదిరింది. టెంకాయ కొట్టేది యెందుకు తీసేసినావు? అది పెట్టు."

పెట్టి మళ్లీ పంపించాను.