కొబ్బరినీళ్ల సీసా

మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి ప్రభ (దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసే వెదురు కట్టడం) మోసేటప్పుడు కడుపు మాడ్చుకోవాలని నాకెవరూ చెప్పలేదు. నేనే మొక్కుకున్నాను. పండగ రోజు నుంచి మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. కనుమ నాడు అశ్శరభ శరభ అంటూ వరిచేలు తొక్కుకుంటూ, చలినీళ్లలో కౌశిక నది దాటి ప్రభ మోశాను.

రాత్రికి తొడలు రాళ్లలా బిగుసుకున్నాయి. తెల్లారేసరికి మూత్రం డికాక్షన్ రంగు.

మా ఆర్‌ఎంపీ "వేడి చేసింది, కొబ్బరినీళ్లు పట్టించండి" అన్నాడు. కోనసీమలో వాటికేం కరువు! నాన్న గెలకు గెల దింపించాడు. రెండు రోజులకు మూత్రం దాదాపు ఆగిపోయింది.

ఆ రాత్రి అంబులెన్సులో ఎదుర్లంక వంతెన మీద మంచు, ఏమీ కనపడటం లేదు. నా గుండె కొట్టుకుంటూ మధ్యలో ఆగినట్టు అవుతోంది. నాన్న సీసాలో తెచ్చిన కొబ్బరినీళ్లు గుక్కగుక్కగా పోస్తూనే ఉన్నాడు. కాకినాడలో నర్సమ్మ ఆ సీసా లాక్కుని విసిరేసింది. ఆమెకు జీవితాంతం రుణపడి ఉంటాను. కండరాలు చితికి పొటాషియం రక్తంలోకి వచ్చేస్తోంది, కిడ్నీలు బయటికి పంపలేకపోతున్నాయి, పైనుంచి మేం కొబ్బరినీళ్లతో ఇంకా పొటాషియం పోస్తున్నాం.

డ్యూటీ డాక్టరు మాత్రం నన్ను కాదు, నాన్నను అడిగాడు: "పండక్కి ఎంత తాగించారేంటి మీవాణ్ణి?" నాన్న తల దించుకున్నాడు. మందు వాసన తెలియని మనిషి. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

డయాలసిస్ ఐదుసార్లు చేశారు. కండరాలు దెబ్బతింటే రక్తంలో సీకే అనే ఎంజైము పెరుగుతుంది. రెండు వందల లోపు ఉండాల్సిన ఆ సీకే ఎనభై వేలు దాటిందట.

అసలు ప్రశ్న వేసింది కిడ్నీ డాక్టరమ్మ. "ముందెప్పుడైనా ఇలా అయిందా బాబూ? ఉపవాసం ఉన్నప్పుడు?" పదో తరగతిలో, శివరాత్రికి! అప్పుడు పసిరికలన్నారు. జన్యు పరీక్షలో తేలింది. ఒంట్లో చక్కెర నిల్వ తగ్గాక కండరం కొవ్వును కాల్చుకోవాలి. ఆ కొవ్వు మైటోకాండ్రియాలోకి వెళ్లడానికి కావాల్సిన సీపీటీ-2 ఎంజైము నాకు తక్కువ. కండరాల్లో ఈ రకం లోపం గురించి సాల్వటోర్ డిమారో అనే పరిశోధకుడు 1973లోనే రాశారని ఆవిడే చెప్పారు. అంటే నాన్న పుట్టకముందే! తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులూ కలిస్తేనే వస్తుందట. మాది మేనరికం. అమ్మ ఆ రోజంతా ఏడ్చింది.

కిడ్నీలు కోలుకున్నాయి, ఆ శివయ్య దయ. మందంటూ పెద్దగా లేదు. పస్తు ఉండకూడదు, జ్వరంలో ఒళ్లు అలవకూడదు, ఆపరేషనంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. మీ పిల్లల్లో ఎవరికైనా ఒళ్లునొప్పులతో మూత్రం నల్లగా వస్తే ఇంటివైద్యం చెయ్యకండి, ఆసుపత్రికి పరిగెత్తండి.

ఈ కనుమకు గట్టు మీదే నిలబడి దండం పెట్టుకున్నాను. అమ్మ పొద్దున్నే ఇడ్లీలు తినిపించి పంపింది. దేవుడి దగ్గరికి తిని వెళ్లడమేమిటని నానమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.