చెరువు కట్ట దిగువ ఊట: సౌష్ఠవంతో లెక్క

పాకాల, రామప్ప లాంటి చెరువుల కింద మొరంలో పాకే ఊటకు, అడుగున బండ చదునుగా ఉందనుకుంటే, బుసినెస్క్ సమీకరణం (భూమిలో ఊటనీటి ఎత్తు దూరంతో, కాలంతో ఎలా మారుతుందో చెప్పేది) సరిపోతుంది. అందులో నీటి ఎత్తే గుణకంగా కూర్చుంటుంది, అంటే సమీకరణం రేఖీయం కాదు; అందుకే రేఖీయ సమీకరణాలకు వాడే లాప్లాస్ రూపాంతరం పనికిరాదు.

‘ల’ ఏదైనా ధన సంఖ్య, ‘అ’ ఒక ఘాతాంకం అనుకుందాం. దూరాన్ని ల రెట్లు, కాలాన్ని ల ఘాతం అ రెట్లు, ఎత్తును ల ఘాతం (2−అ) రెట్లు చేసినా సమీకరణం మారదు; సౌష్ఠవం అంటే ఇదే. ఇక్కడ అ విలువను తేల్చేది సరిహద్దు షరతే. చెరువు మట్టం స్థిరమైతే అ = 2; తడి అంచు కాలపు వర్గమూలంలా కదులుతుంది. ఒకే చోట ఒక్కసారిగా పోసిన నీళ్లయితే పరిమాణం నిలవాలి కనుక అ = 3. అప్పుడు దూరాన్ని కాలపు ఘనమూలంతో భాగించి కొత్త చలరాశి తీసుకోండి. పాక్షిక అవకలన సమీకరణం కాస్తా ఒకే చలరాశి ఉన్న సాధారణ అవకలన సమీకరణమవుతుంది, రెండుసార్లు సమాకలనం చేస్తే పరావలయం వస్తుంది. కాలం 8 రెట్లయితే వెడల్పు రెట్టింపు, ఎత్తు సగం.

చాలామంది తప్పేది ఇక్కడే: అంచు దాటాక పరావలయం రుణాత్మకం. అక్కడ సున్నాకు కత్తిరించాలి, వాలు తెగినా సరే.

వాన ఇంకుడు స్థిరంగా కలిపితే అ = 1 ఒక్కటే మిగులుతుంది, స్థిర మట్టం షరతు దానికి పొసగదు. బండ ఏటవాలైతే వాలు వెంట కదిలే అక్షాలు సమీకరణాన్ని బాగుచేస్తాయి, కానీ ఆ అక్షాల నుంచి చూస్తే కట్ట కదలడం మొదలుపెడుతుంది!