సెట్ అంటే మూడు

"అన్నా, ఒక్కటే కదా చెప్పింది!" బెంగళూరు మల్లేశ్వరంలో, నిలబడి తినే చిన్న హోటలు 'దర్శిని'లో తెలుగు కుర్రాడి అయోమయం. ప్లేటులో మూడు దోసెలు, పక్కన సాగు అనే కూరగాయల కూర. బాబూ, సెట్ దోసె అంటేనే మూడు!

పిండిలో అటుకులు వేసి రుబ్బాలి, మందంగా పోసి మూతపెట్టి ఒకవైపే కాల్చాలి. పలుచగా తిప్పారో, ఆ మెత్తదనం రాదు.

ఎదురుగా స్లాబ్ వేస్తున్న మేస్త్రీకి సెట్ అంటే సిమెంటు బిగుసుకోవడం. మామూలు సిమెంటు 30 నిమిషాల్లోపు బిగుసుకోవడం మొదలవకూడదు, 10 గంటలు దాటకుండా పూర్తవ్వాలి. బిగిశాక నీళ్లు పోసి మళ్లీ కలిపితే బలం పోతుంది.

1989 ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో అన్నిటికంటే ఎక్కువ చోటు తిన్నది ఈ 'సెట్' అనే మాటే. గతకాలంలోనూ సెట్టే, 'సెట్టెడ్' లేదు.

"ఆ రంగు నీకు సెట్టవ్వలేదు" మాత్రం మన సొంతం. ఇంగ్లీషులో అక్కడ సూట్.