సుబ్బారావుగారిని వద్దన్న మా అమ్మాయి

"ఆయన మళ్లీ ఇంటికి వెళ్లనే లేదు కదా నాన్నా! అలాంటాయన గురించి నేనెందుకు మాట్లాడాలి?"

ఇక్కడ అమెరికాలో, బడిలో ఒక ప్రముఖుడి జీవితం గురించి మాట్లాడమన్నారు మా అమ్మాయిని. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు నేనే చెప్పాను. శ్రద్ధగానే చదివింది. చదివాక వద్దని తేల్చేసింది.

నాకు ఒళ్లు మండింది. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు దుస్తులు వేసుకుని శస్త్రచికిత్సకు వెళ్లినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. 1920లలో బోస్టన్ చేరి, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్లాలు ఎత్తారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీసిన తొలివారిలో నిలిచారు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థకు మారాక ఆయన నడిపిన పరిశోధన నుంచి ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ తయారీ, బోదకాలు మందు, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఆయన సోదరులు ఇద్దరిని బలిగొన్న స్ప్రూ అనే పేగుల జబ్బుకు ఫోలిక్ ఆమ్లం మందు. ఇంతకన్నా ఏం కావాలి?

మా అమ్మాయికి సుబ్బారావుగారి భార్య శేషగిరి కావాలి. భర్త ఓడ ఎక్కేనాటికి ఆవిడ గర్భవతి. పుట్టిన బిడ్డ ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. ప్రయాణానికి మామగారు కూడా డబ్బు సర్దారు. 1948లో న్యూయార్క్‌లో, 53 ఏళ్లకే, సుబ్బారావుగారు కన్నుమూశారు. నేను ఒక్క వాక్యంలో దాటేసిన ఈ భాగం దగ్గరే తను ఆగిపోయింది.

పిల్లలకు మనవాళ్ల కథలు చెప్పండి, వాళ్లే మన భాషకు దగ్గరవుతారు అని స్నేహితులకు ఎన్నాళ్లుగానో చెబుతున్నాను. ఇప్పటికీ నా నమ్మకం అదే. కాకపోతే మనం చెప్పేది ఆయన శతజయంతికి 1995లో వేసిన తపాలా బిళ్ల మీద పట్టేంత కథ. పిల్లలు మిగతాది కూడా చదువుతారు.

పోనీ అని ఎన్టీ రామారావుగారి గురించి చెప్పాను. 1982 మార్చిలో పార్టీ పెట్టి తొమ్మిది నెలలకే ముఖ్యమంత్రి అయిన నటుడు. 1984లో గుండె శస్త్రచికిత్స కోసం అమెరికా వచ్చి తిరిగి వెళ్లగానే, ఆగస్టు 16న, గవర్నర్ ఆయన్ని పదవి నుంచి తొలగించారు. ఆయన కోసం జనం వీధుల్లోకి వచ్చారు. ఆయన చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు తన శాసనసభ్యులను నిలబెట్టారు. సెప్టెంబరు 16న మళ్లీ ప్రమాణం చేశారు. "జబ్బుగా ఉన్నప్పుడు దించేస్తారా!" అని మా అమ్మాయి పూర్తిగా ఆయన పక్షం చేరింది. నేను సంబరపడేలోపే 1995కు వచ్చింది. సొంత శాసనసభ్యుల్లో అత్యధికులు అల్లుడు చంద్రబాబునాయుడి వైపు వెళ్లడం, పదవి పోవడం, 1996 జనవరి 18న ఆయన మరణం. "ఆసారి జనం ఎందుకు రాలేదు?" అని అడిగింది. నాకు తోచిన జవాబులు చెప్పాను. అవి నన్నే ఒప్పించలేదు.

సుబ్బారావుగారి పేరు అంత పట్టుదలగా ఎందుకు చెప్పానా అని ఆలోచిస్తున్నాను. పిల్లకు మన ఘనత తెలియాలనే అనుకున్నాను. కానీ దూరం వెళ్లినవాడు గొప్ప పని చేస్తే ఆ వెళ్లడం సరైనదే అయిపోతుందని ఎవరైనా చెబితే వినాలని నాకే ఉందేమో. "ఎప్పుడొస్తావురా" అని అడగడం మా అమ్మ మానేసింది. వంట ఏం చేశారో, చలి ఎలా ఉందో అడుగుతుంది. మా అమ్మాయి పక్కనే కూర్చుని వింటుంది. "ఆయన మళ్లీ ఇంటికి వెళ్లనే లేదు కదా" అన్న మాట తను నన్ను ఉద్దేశించి అనలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా రెండు రోజులు దానికి సరిగా ముఖం చూపలేకపోయాను.

చివరికి సుబ్బారావుగారి గురించే మాట్లాడతానంది, కానీ శేషగిరితో మొదలుపెడుతుందట. ఇచ్చిన సమయం చాలదు, ఆయన చేసినవాటిలో ఏదో ఒకదాన్ని వదిలేయాలి. ఏటీపీని తీసేయమన్నాను, అది పిల్లలు పాఠంలో ఎలాగూ చదువుతారు. తను బోదకాలు మందును తీసేద్దామంటోంది, ఇక్కడ ఆ జబ్బు ఎవరికీ తెలియదని. అది మాత్రం ఒప్పుకోను. ఆ మాత్రలను మన దేశంలో ఇప్పటికీ ఇంటింటికీ తిరిగి మింగిస్తున్నారు.