మావయ్యగారి గుండె మాత్ర, నీళ్ళలో కరిగే కఫం బిళ్ళ

మా మావయ్యగారిది అమలాపురం దగ్గర పల్లెటూరండి, కొబ్బరితోటలో గబగబా నాలుగడుగులేస్తే ఛాతీ పట్టేస్తదని డాక్టరుగారు సార్బిట్రేట్ రాశారు, నొప్పొస్తే నాలిక కింద పెట్టుకోమని. మొన్న ముసురుకి కఫం పట్టింది, ఎవరో మంచి యాంటీఆక్సిడెంట్ కూడానంట అన్నారని ఎసిటైల్‌సిస్టీన్ 600 ఎంజీ బిళ్ళలు తెచ్చుకుని రోజూ నీళ్ళలో కరిగించి తాగేస్తన్నారు, మాకెవరికీ చెప్పలేదు. ఒకరోజు నొప్పికి మాత్ర పెట్టుకుని, కాసేపటికి తల పగిలిపోతందమ్మా అంటా లేచి, కళ్ళు తిరిగి అరుగు మీదే కూలబడిపోయారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

డాక్టరుగారు చెప్పింది ఇదీ. సార్బిట్రేట్ నైట్రేట్ జాతి మందు, అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాల్ని వదులు చేస్తది, నొప్పి తగ్గేది అందుకే, ఎసిటైల్‌సిస్టీన్ తోడైతే ఆ వదులు ఇంకా పెరిగి బీపీ పడిపోద్ది, తలనొప్పి కూడా గట్టిగా వస్తది, అదే జాతి గుండె మందు నైట్రోగ్లిజరిన్‌తో ఇది బాగా తెలిసిన సంగతేనంట. పారాసిటమాల్ విషమెక్కితే ఆసుపత్రిలో విరుగుడుగా ఎక్కించేది కూడా ఈ ఎసిటైల్‌సిస్టీనే, అలాంటిదాన్ని ఉత్త విటమిన్‌లా ఎలా మింగుతామండి?

కఫం బిళ్ళ ఆపించారు. భయపడి గుండె మాత్ర మాత్రం మానేయొద్దని మరీ మరీ చెప్పారు, కూర్చునే పెట్టుకోమన్నారు. ఇప్పుడు ఆయన మందులన్నీ ఒకే సంచిలో వేసి, చూపించడానికెళ్ళినప్పుడల్లా నేనే పట్టుకెళ్తన్నా.