వారానికి 150 నిమిషాలు: నా బ్యాండ్ స్క్రిప్ట్ ఎక్కడిదాకా వచ్చిందంటే

చేతి ఫిట్‌నెస్ బ్యాండ్ డేటా తీసుకుని వారానికి ఎంత శ్రమ చేశానో లెక్కేసే చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్ట్) ఒకటి రాసుకుంటున్నా, దాని ఈ వెర్షన్‌లో అడుగుల గ్రాఫ్ మొత్తం పీకేశా. పదివేల అడుగులు అనేది 1965లో జపాన్‌లో మాన్‌పో-కే అనే పెడోమీటర్ అమ్ముకోడానికి వాడిన నంబర్, అది చూసి సంబరపడొచ్చు గానీ చెయ్యాల్సినంత శ్రమ చేశామా లేదా అన్నది దాంట్లో తేలదు. డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2020 గైడ్‌లైన్స్ పెద్దవాళ్లని (అంటే వయోజనుల్ని) అడిగేది నిమిషాలు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ, లేదంటే రెండూ కలిపి. అందుకే నా స్క్రిప్ట్ గట్టి నిమిషాల్ని రెండింతలు చేసి మోస్తరు వాటికి కలిపి వారానికి ఒక్క నంబర్ చూపిస్తుంది, అంతే.

డేటా చేతి బ్యాండ్‌లోని యాక్సిలరోమీటర్‌ది (కదలికని కొలిచే సెన్సర్), సెకనుకి 50 రీడింగులు, మూడు యాక్సిస్‌లు. మూడిటినీ కలిపి మొత్తం త్వరణం తీసి అందులోంచి 1 జి (భూమి ఆకర్షణ వల్ల ఎప్పుడూ ఉండేది) తీసేసి, మైనస్ వస్తే సున్నా పెట్టి, 5 సెకన్లకో సగటు. మోస్తరుకి గీత ఎక్కడ గియ్యాలంటే మణికట్టుకి చాలామంది 100 మిల్లీ-జి (మిల్లీ-జి అంటే జిలో వెయ్యో వంతు) దగ్గర పెడతారు, నేను మాత్రం మెట్రోనోమ్ (టిక్ టిక్ అని లయ వినిపించేది) పెట్టుకుని నిమిషానికి 100 అడుగుల స్పీడులో నడిచి నా రీడింగ్ ఎంతొస్తుందో చూసి పెట్టుకున్నా. పెద్దవాళ్లకి 100 అంటే దాదాపు 3 మెట్ (మెట్ అంటే ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి), అక్కడ మోస్తరు మొదలు, 130 అయితే దాదాపు 6, అంటే గట్టి శ్రమ మొదలయ్యే చోటు.

పాత గైడ్‌లైన్‌లో కనీసం 10 నిమిషాలు ఆగకుండా చేస్తేనే లెక్క, 2020లో ఆ షరతు ఎత్తేశారు కాబట్టి నా ఫిల్టర్ కూడా ఎగిరిపోయింది, ఇప్పుడు గబగబా మెట్లెక్కిన రెండు నిమిషాలు కూడా పడుతున్నాయి.

అసలు తలనొప్పి సైకిల్. చెయ్యి హ్యాండిల్ మీద కదలకుండా ఉంటుంది కదా, కాళ్లు ఎంత తొక్కినా బ్యాండ్ దృష్టిలో మనం కూర్చున్నట్టే. దానికి హార్ట్‌రేట్ కలిపా: 220లోంచి వయసు తీసేస్తే వచ్చేది గరిష్ఠ హార్ట్‌రేట్ (ఇది ఉజ్జాయింపు లెక్కే), దాంట్లో 64 నుంచి 76 శాతం మోస్తరు, 77 దాటితే గట్టి. కానీ పట్టీ వదులుగా ఉంటే పల్స్ కొలిచే పచ్చ లైట్ సెన్సర్ గుండె బదులు అడుగుల లయని పట్టుకుంటుంది, పరిగెత్తేటప్పుడు పల్స్ 160, అడుగులూ 160 అని రెండూ అతుక్కుని నడిస్తే ఆ పల్స్‌ని నమ్మకుండా పక్కన పెట్టేలా రాశా. ఇంకోటి, బ్యాండ్ తీసేసిన గంటల్ని సున్నా అనుకోకూడదు, డేటా లేదు అని విడిగా పెట్టాలి, లేకపోతే వారం మొత్తం అన్యాయంగా ఫెయిల్ అవుతుంది.

బరువులెత్తడం మాత్రం సెన్సర్‌తో వర్కౌట్ అవ్వట్లేదు. వారానికి కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం కూడా గైడ్‌లైన్‌లో భాగమే, చాలా యాప్‌లు టార్గెట్ రింగ్ నిండగానే శభాష్ అనేసి దీని ఊసే ఎత్తవు!! ప్రస్తుతానికి ఫోన్‌లో ఒక బటన్ పెట్టా, చేసిన రోజు నొక్కడమే.

అమ్మకి కట్టి చూస్తే నా గీత ఆవిడకి బాగా ఎక్కువైంది, ఆయాసపడుతూ నడిచింది కూడా తేలిక కదలిక కిందే పడింది. కాబట్టి నెక్స్ట్ పని మనిషిమనిషికీ గీత వేరే పెట్టడం, ముందు మాట్లాడగలం గానీ పాడలేం అన్న స్పీడులో కాసేపు నడిపించి ఆ రీడింగ్ తీసుకుందామని ప్లాన్.