వేడి జాకెట్టు లెక్క

ఒహాయోలో నవంబరు చివరి ఉదయాలు. సున్నా డిగ్రీల దగ్గర బండి మీద వంద కిలోమీటర్ల వేగమంటే చలి ఎముకలు కొరికేస్తుంది. మొత్తానికి లోపలి తీగలు కరెంటుతో వెచ్చబడే వేడి జాకెట్టు కొన్నాను. జేబులో బ్యాటరీ పెట్టుకునే 7.4 వోల్టుల రకం నడకకు సరే, దూర ప్రయాణంలో సగం దారికే చల్లబడుతుంది. అందుకే బండి బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల రకం తీసుకున్నాను. జాకెట్టుకు 7 ఆంపియర్లు, చేతి తొడుగులకు 2. వెరసి నూరు వాట్లు దాటుతుంది. బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు అంత మిగులు ఉందని తేలాకే డబ్బు కట్టాను. వదులుగా ఉంటే వేడంతా గాలిపాలే కనుక ఒంటికి అతుక్కునే సైజు ఎంచుకున్నాను. కాలరులోని తీగలు వెచ్చబడగానే, చెవుల దాకా బిగుసుకున్న భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి! ఒకటే తంటా, తీగ పీకకుండా దిగితే బండి నన్ను వదలదు.